అమ్మ గదిలో హుక్కు

ఫిబ్రవరి 9, మంగళవారం

ఒరే కొమ్ములు మింగేవాడా,

నీ ఉత్తరం అందింది. అందిందన్న మాటే గానీ దాన్ని చదవడానికి నాకూ మీ బావకీ ఒక పూట పట్టింది. "ఇక్కడ అందరికీ ముందు పని, తర్వాతే తిండి" అని రాయబోయావు కదా, ఆ మొదటి కొమ్ము ఎక్కడ పారేశావురా? ముందు కాస్తా మందయి కూర్చుంది. నేను ఉన్నదున్నట్టు పైకి చదివేసరికి అమ్మ గుండె బాదుకుంది, "వాడు తాగుడు నేర్చాడే" అని. మీ బావ నవ్వి నవ్వి కళ్ళద్దాలు కింద పడేసుకున్నారు. పలక మీద నీ వేళ్ళు పట్టుకుని దిద్దించింది నేనే. కొమ్ము మరిచిపోయినప్పుడల్లా మొట్టికాయ వేసిందీ నేనే. ఇంకో నాలుగు వేయాల్సింది.

ఇంటి సంగతి. గోడలు కిటికీలు దాటి పైకి లేచాయి. వచ్చే నెల పదమూడున స్లాబు. బెడ్రూములు రెండు, ఒకటి మాకు, ఒకటి అమ్మకి. కిందటేడు స్థలం కాగితాల మీద "నాకేమీ వద్దు, అక్కకే" అని నువ్వు సంతకం పెట్టావు కాబట్టే ఈ గోడలు లేచాయి. మీ బావ ఆ మాట ఆఫీసులో గుమాస్తాలందరికీ చెప్పి మురిసిపోతుంటారు. నేను చెప్పుకోను గానీ మరిచిపోలేదు.

ఇప్పుడొచ్చిన గొడవేమిటంటే లైట్లూ ఫ్యాన్లూ. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఇంట్లో వెలుగు ఎటునుంచి పడాలని తగువు. నువ్వు వెళ్ళేముందు ప్లాను కాగితం మీద లైట్లకి సున్నాలు, ఫ్యాన్లకి ఇంటూలు గీసి, కింద పెద్ద ఇంజనీరులా సంతకం కూడా గిలికిపోయావు కదా, దాంట్లో అమ్మ గదిలో ఫ్యాను గోడకి ఉంది. అమ్మ ససేమిరా అంటోంది. ఆపరేషనయిన కంటికి పక్కనుంచి గాలి కొడితే నీళ్ళు కారతాయట, గాలి పైనుంచే రావాలట. సరే అంటే, లైటు కూడా నడినెత్తినే ఉండాలట. పక్కనుంచి వెలుగు పడితే గోడ మీద నీడలు ఎవరో వచ్చి నిలబడ్డట్టుంటాయట. నా గదిలోనూ అదే తంటా. మిషను ముందు కూర్చుంటే సూది మీదికి వెలుగు పైనుంచే పడాలి, ఈ ఉక్కలో గాలీ పైనుంచే కావాలి. నడిమధ్య చోటు ఒక్కటే, పెళ్ళికొడుకులు ఇద్దరు. వైరుమన్ కొడుకువి, వైరుమన్‌వి, ఏదో ఒక దారి చెప్పు.

ఈసారి కొమ్ములు లెక్కపెట్టుకుని మరీ పోస్టు చెయ్యి.

నీ అక్క

ఫిబ్రవరి 21

అక్కా,

తాగుడూ లేదు గీగుడూ లేదని అమ్మకి చెప్పు. తాగడానికి ఇక్కడ మంచినీళ్ళకే వరుస కట్టాలి. ఇది ఆస్పత్రి కట్టడం. నాలుగో అంతస్తు వైరింగు నా చేతిలో ఉంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిచ్చెన మీదే ఉంటాను కాబట్టి ఈమధ్య నేల మీద నడుస్తుంటేనే భయంగా ఉంది.

నువ్వడిగిన దానికి జవాబు. పని నేర్చుకునే రోజుల్లో నాన్న ఊళ్ళో లేని అదను చూసి ఒక క్షవరం షాపులో ఫ్యాను పైన బల్బు పెట్టాను, చోటు కలిసొస్తుంది కదా అని. స్విచ్చి వేశానో లేదో గదంతా గిలగిల్లాడిపోయింది. రెక్క అడ్డొస్తే చీకటి, తప్పుకుంటే వెలుగు. కత్తి పట్టుకున్నాయన చెయ్యి ఆగిపోయింది. కుర్చీలో ఉన్నాయన సగం గడ్డంతో వీధిలోకి పరిగెత్తాడు. నాన్న తిరిగొచ్చి నన్ను ఆ బల్బు కింద గంటసేపు కూర్చోబెట్టాడు. అప్పటినుంచి బుద్ధొచ్చింది.

కాబట్టి లైటు రెక్కల పైన ఉండకూడదు. నాలుగు మూలలా సీలింగుకి పెట్టినా రెక్కల నీడ గోడల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అమ్మ కంటికి అది అస్సలు పనికిరాదు. రెక్కల కిందే, ఫ్యాను బొడ్డుకే లైటు వేలాడాలి. అప్పుడు గాలీ వెలుగూ ఒకే చోటినుంచి దిగుతాయి, ఒకదాన్నొకటి కోసుకోవు. నీ పెళ్ళికొడుకులిద్దరికీ ఒకటే పీట. ఆ ఏర్పాటు నేను చూస్తాను, నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇంతలో నాకు పని చెప్పే పెద్దాయన కేకేశాడు. మిగతాది ఇవాళ లారీ ఎక్కబోతూ నిలబడి రాస్తున్నాను, పెన్ను కూడా మొరాయిస్తోంది.

అక్కా, అసలు మాట. నేను సంతకం పెట్టినప్పుడు ఒకలా అనుకున్నాను, ఇప్పుడు ఇంకోలా తోస్తోంది. మాట మార్చాడని అనుకున్నా సరే. రెండు గదుల్లోనూ నాకు ఒక్కో హుక్కు ఉంచండి. నీ గదిలో సంగతి మీ ఇష్టం, అమ్మ గదిలో హుక్కు మాత్రం నేను వదిలేది లేదు. స్లాబు పడకముందే ఇది తేలిపోవాలి. తర్వాత అడిగితే కట్టింది బద్దలుకొట్టుకోవాల్సి వస్తుంది. బావగారి చెవిన వేయి. నోటిమాట చాలదు, కాగితం మీద రాయించి పెట్టు. ఎందుకింత పట్టుబడుతున్నానో ఇప్పుడు చెప్పను. వచ్చాక మీరే చూస్తారు.

లారీ కదులుతోంది.

తమ్ముడు

మార్చి 4

తమ్ముడికి,

నీ ఉత్తరం చేరింది. మీ బావ చదివారు. మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి వచ్చి "మీవాడు" అని మొదలుపెట్టి మళ్ళీ ఆపేశారు. పదేళ్ళ కాపురంలో ఆయన 'మీ', 'మా' అని నన్ను వేరుచేసి మాట్లాడడం ఇదే మొదలు.

సంతకం పెట్టినప్పుడు ఒకలా, ఇప్పుడు ఇంకోలా. బాగుంది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అనలేదు. నిన్ను కన్నది అమ్మే గానీ, అమ్మ పనికి వెళితే నిన్ను చంకనేసుకు తిరిగింది నేను. బడి మానేసి మిషను ఎక్కింది నువ్వు బడికి వెళ్ళాలనే. ఇవన్నీ చెప్పకూడదనుకున్నాను. చెప్పించావు.

నువ్వడిగింది రెండు గదుల్లోనూ ఉండదు. అమ్మ గదిలో అసలే ఉండదు. అమ్మ ఇంకా కళ్ళెదుట తిరుగుతుండగానే ఆ గది మీద కన్ను వేయడానికి నీకు మనసెలా ఒప్పింది? కాగితం మీద రాయించాలా? రాసిన కాగితం ఒకటుంది, దాని మీద నీ చేతి సంతకమే ఉంది. మాకు అది చాలు.

స్లాబు అనుకున్న రోజుకే పడుతుంది.

అక్క

మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత చిన్నదానికి ఇంత కోపమా! ప్లాను మీద నేను గీసిందొకటి, తర్వాత అడిగిందొకటి, ఒప్పుకుంటాను. గీసినవాడు మళ్ళీ దిద్దుకోకూడదని ఎక్కడైనా ఉందా? పని తెలిసినకొద్దీ మనిషి బుద్ధి మారదా?

మీకు నా పనితనం మీద నమ్మకం లేదని ఇన్నాళ్ళకి తెలిసింది. నేను పెట్టిన సంతకమే నా మొహాన కొడుతున్నారు. నేను చంకలో ఉన్న రోజులు గుర్తుచేశావు. ఉన్నాను, కాదనను. ఇప్పుడు నాలుగో అంతస్తులో నలభై గదులు నా మాట మీద నడుస్తున్నాయి. సొంత అక్క ఇంట్లో ఒక్క గదిలో నా మాట చెల్లదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు రచ్చే గతి.

పెద్దాయన్ని కూడా అడిగాను. ఆయన అరవైయేళ్ళ మనిషి, ఇలాంటివి వెయ్యి చూశాడు. "అడగడం నీ ధర్మం, మీ అమ్మ గదిలో అది ఉండి తీరాలి, వాళ్ళకి తెలియకపోతే నువ్వే వెళ్ళి పెట్టించుకో" అన్నాడు. స్లాబు నిన్ననే పడి ఉంటుంది. పడితే పడనీ. అవసరమైతే నేనే వచ్చి తొలిచైనా సరే పెట్టించుకుంటాను. అమ్మ కోసం ఆ మాత్రం పోట్లాడతాను.

కన్ను వేశానన్నావు. అమ్మ కన్ను బాగుండాలనే వేశాను. బావగారికి నమస్కారాలు. ఆయన నాతో మాట్లాడకపోయినా సరే.

తమ్ముడు

ఏప్రిల్ 5, సోమవారం

నీకు,

అందరినీ అడిగి, పెద్దమనుషుల చేత చెప్పించుకుని, తొలుస్తాననీ పోట్లాడతాననీ రాసేంత వాడివయ్యావు. ఏకై వచ్చి మేకై కూర్చుంటావని కలలో కూడా అనుకోలేదు. మీ బావ ఆ ఉత్తరం పట్టుకెళ్ళి తెలిసిన లాయరుకి చూపించారు. నేను వద్దన్నాను, ఆయన వినలేదు. ఆయన వినకుండా చేసింది నువ్వే.

వైరింగు పని ఇక్కడే ఇంకొకాయన చేశాడు. చేతివేగం ఎక్కువని అందరూ ఆయన్ని 'ఎక్స్‌ప్రెస్' అంటారు. అమ్మ గదిలో స్లాబుకి బోల్టులు దింపి నడిమధ్య ఫ్యాను బిగించాడు, నాలుగు మూలలా సీలింగుకి నాలుగు లైట్లు పెట్టాడు. స్విచ్చులు నొక్కి చూశాం, అన్నీ వెలిగాయి. నువ్వు లేకపోతే మాకు వెలుగుండదని అనుకున్నావేమో.

ఈ నెల ఇరవై అయిదున సామాను సర్దుకుని కొత్త ఇంట్లోకి వెళ్ళిపోతున్నాం. నీకు పని వదిలి రావడం కుదరదని మాకు తెలుసు. అమ్మకీ అలాగే చెప్పాను.

అమ్మకి నీ సంగతి అంతా చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు.  "వాడు అడిగితే నన్నడగాలి గానీ, నిన్నెందుకు అడిగాడు" అని మాత్రం అంది. మీ ఇద్దరి మధ్యా నలిగేది నేను. నాన్న పోయాక ఆయన వైపునుంచి మిగిలిన మగదిక్కువి నువ్వే అనుకున్నాను. ఆ దిక్కూ పోయింది.

అక్క

ఏప్రిల్ 28

అక్కా,

రావద్దన్నా వచ్చాను. రావద్దని నువ్వు రాయలేదు కదా, కుదరదని తెలుసన్నావు. కుదుర్చుకుని వచ్చాను. నువ్వు లోపల అమ్మ గదిలో ఉన్నావట. గేటు దగ్గర బావగారు కనిపించారు. నా చేతిలో అంత పెద్ద పెట్టె చూసి కూడా అందులో ఏముందని అడగలేదు. సామాను దించుతున్న నలుగురూ వింటుండగా, "హక్కు కావాలంటే కోర్టుకి పో, గుమ్మంలోకి రాకు" అన్నారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం హక్కు బావగారూ అన్నాను. ఆయన జేబులోంచి నా ఫిబ్రవరి ఉత్తరమే తీశారు. నా వేలు పట్టుకుని చూపించారు. నా అక్షరమే, నేను నిలబడి గిలికిన అక్షరమే. రెండు గదుల్లోనూ నాకు ఒక్కో హక్కు ఉంచండి. అమ్మ గదిలో హక్కు మాత్రం నేను వదిలేది లేదు.

అక్కా, అది హుక్కు. స్లాబులోకి ముందే దింపే ఇనప హుక్కు, ఫ్యాను వేలాడదీసేది. నాన్న దాన్ని కొక్కెం అనేవాడు. నేను ఈ పెద్ద సైట్లలో చేరాక అందరిలాగే హుక్కు అనడం మరిగాను. కొక్కెం అని రాసి ఉంటే మింగడానికి అందులో కొమ్మే లేదు. నాన్న మాట నాన్న మాటగానే రాయాల్సింది. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

నీ తప్పు కూడా ఒకటుంది. మందు అని చదివినప్పుడు కడుపుబ్బ నవ్వారు. నవ్వి, వాడు కొమ్ము మింగాడని మీరే సరిదిద్దుకున్నారు. హక్కు అని చదివినప్పుడు ఎందుకు నవ్వలేదక్కా? తాగుబోతునని అనుకోవడానికి మీకు మనసొప్పలేదు. దొంగనని అనుకోవడానికి ఒప్పింది. రోజుకి జాకెట్లకి వంద హుక్కులు కుట్టే చెయ్యి నీది. ఆ మాట నీ కంటికి తగల్లేదు. సంతకం పెట్టినరోజు నుంచీ వీడు ఎప్పటికైనా తిరిగొస్తాడని మీరిద్దరూ ఎదురుచూస్తూనే ఉన్నారన్నమాట. నేను అడగకపోయినా మీ చెవులకి వినిపించింది.

పెట్టెలో ఏముందో ఇప్పుడు చెబుతాను. పాత రేకుల ఇల్లు పడగొట్టినప్పుడు ఇనప సామాను వాడికి వేసేయమని నువ్వు గుట్టలో పడేసిన నాన్న ఫ్యాను. అందులోంచి దాన్ని నేను తీసి పట్టుకెళ్ళాను. నాన్న తన చేత్తో బిగించిందది. ముప్పయ్యేళ్ళు అమ్మ దాని కిందే పడుకుంది. ఆదివారం ఆదివారం కూర్చుని కాయిల్ మళ్ళీ చుట్టాను, రెక్కలకి రంగు వేశాను, బొడ్డు కింద గాజుబుడ్డి పెట్టి లైటు అమర్చాను. పాతకాలపు బరువు, బోల్టులకి ఆగదు, దానికి స్లాబులో హుక్కే కావాలి. అమ్మ నెత్తిమీద గాలీ వెలుగూ కలిసి దిగుతుంటే మీ ముఖాలు చూడాలని చెప్పకుండా దాచాను. చూశాను, గేటు దగ్గర.

కిటికీలోంచి అమ్మ గది సీలింగు కనిపించింది. హుక్కు లేకుండా నున్నగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, నాలుగు మూలలా లైట్లు వెలుగుతున్నాయి. గోడలు వణుకుతున్నాయి. మీకెవరికీ కనిపించలేదా?

పెట్టె తిరిగి తీసుకొచ్చేశాను.

తమ్ముడు

మే 9, ఆదివారం

తమ్ముడూ,

ఏం రాయాలో తెలియక పది రోజులు ఊరుకున్నాను. ఊరకున్నంత ఉత్తమం లేదంటారు, అది కూడా అబద్ధమే.

మీ బావ దగ్గర ఆ ఉత్తరం లాక్కుని ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. హ పక్కన సన్నగా ఒక గీటుంది. కొమ్మని చెప్పలేను, మరకని చెప్పలేను. మొదటిరోజు మరక అనుకున్నాను. ఇవాళ కొమ్మే అనిపిస్తోంది. కాగితం అదే, కన్ను అదే.

నీ ఉత్తరాలన్నీ అమ్మ నా చేత మొదటినుంచి చదివించుకుంది. ఫిబ్రవరి ఉత్తరం ఆవిడకి ఇంతకుముందు చదివి వినిపించలేదు, సంగతి చెప్పానంతే. "స్లాబు పడకముందే" అన్న చోటికి వచ్చేసరికి, నేను ముగించకముందే, "కొక్కెమే, కొక్కెం గురించి అడిగాడు వాడు" అంది. చదువు రాని మనిషి, వైరుమన్ పెళ్ళాం. ఒక్క క్షణంలో పట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు నాకు వాడి ఉత్తరం వినిపించలేదే, నీ కోపం వినిపించావు" అంది. ఆ మాట కంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

పొరపాటైందిరా. కాదనను. కానీ నన్నొక్కదాన్నే నిలబెట్టి రాళ్ళు వేయకు. కొమ్ము మింగింది నువ్వు. ఎందుకో చెప్పనని దాచింది నువ్వు. సంతకం, మాట మార్చడం, కాగితం మీద రాయించడం, ఆ మాటలన్నీ ఏరి ఏరి రాసింది నువ్వు. నా స్థానంలో ఎవరున్నా అలాగే చదివేవారు. ఎవరున్నా అంటున్నాను గానీ, అమ్మ అలా చదవలేదు. ఆ సంగతీ తెలుసు.

గది సంగతి నువ్వన్నదే నిజమైంది. ఫ్యాను వేస్తే నాలుగు లైట్ల వెలుగునీ రెక్కలు తరుగుతున్నాయి. పడుకుని పైకి చూస్తే గది ఈదుతున్నట్టుంది. మొదటివారం అమ్మ కొత్తిల్లు కదా అని ఓర్చుకుంది. ఇప్పుడు లైటు కావాలంటే ఫ్యాను ఆపుకుంటుంది, ఫ్యాను కావాలంటే లైటు ఆపుకుంటుంది. ఎక్కువగా రెండూ ఆపేసుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటోంది. ఎక్స్‌ప్రెస్‌ని పిలిస్తే, "అలవాటైపోతుందమ్మా" అని చెప్పి పోయాడు. అమ్మ గదిలోకి వెళ్ళాలంటే నాకే భయంగా ఉంది.

 నీ పేరెత్తితే మీ బావ పేపరు అడ్డంపెట్టుకుంటున్నారు. సిగ్గుపడుతున్నారో, లాయరు దగ్గరికి వెళ్ళినందుకు నీ మీదే కోపంగా ఉన్నారో నాకే తెలియడం లేదు.

అమ్మ నాలుగు రోజులు నీ దగ్గర ఉండి వస్తానంటోంది. బుధవారం బస్సెక్కిస్తాను. కంటి చుక్కల సీసా సంచీలో పైనే పెట్టాను, పూటకి రెండు చుక్కలు. నాలుగు రోజులయ్యాక నువ్వే తీసుకురా. గేటు దగ్గర ఈసారి నేనుంటాను.

నీ అక్క

మే 23

అక్కా,

అమ్మ క్షేమంగా చేరింది. బస్సు దిగుతూనే నా అరచేయి తెరిచి చూసింది, కాయిల్ చుట్టిన వేళ్ళు చూడాలట.

నేనుండేది ఒక్కటే గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. అయినా కట్టినవాడెవడో బుద్ధిమంతుడు, సీలింగు నడిమధ్య హుక్కు వదిలాడు. నాన్న ఫ్యాను దానికి వేలాడదీశాను. స్విచ్చి వేశాక అమ్మ పడుకుని పైకే చూస్తూ ఉంది. ఫ్యాను మునుపటిలాగే తిరుగుతూ 'టిక్కు టిక్కు'మంటోంది. నేను బాగుచేయబోతే వద్దంది. "ఆయన కూడా బాగుచేయలేకపోయాడు, వదిలేయ్" అంది. వెలుగు కదలకుండా నేరుగా మంచం మీద పడుతోంది. ఇక్కడికి వచ్చాక మొదటిసారి సూదిలో దారం తనే ఎక్కించింది, నా చొక్కాకి గుండీ కుట్టింది.

నాలుగు రోజులన్నావు. పదకొండు రోజులయ్యాయి. అడిగితే "ఎక్కడికీ రాను" అంటోంది. నేను పొమ్మనలేను. ట్రంకుపెట్టె ఎవరితోనైనా పంపితే బాగుంటుంది.

తమ్ముడు

జూన్ 6

తమ్ముడూ,

ట్రంకుపెట్టె పంపను. పంపితే అమ్మ ఇంక రాదు.

నువ్వు నమ్మవు గానీ, సోమవారం మేస్త్రీని పిలిపించి అమ్మ గది స్లాబు తొలిపించాను. మీ బావ గదిలోకి రాలేదు, ఆ చప్పుడు విన్నంతసేపూ వీధిలో నిలబడ్డారు. మేస్త్రీ తిట్టుకుంటూనే కడ్డీకి చుట్టి కొక్కెం బిగించాడు, చుట్టూ సిమెంటు పూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని నువ్వంటావు. అను. నాలుగు మూలల లైట్లూ విప్పించేశాను. ఎక్స్‌ప్రెస్ ఫ్యానూ దించేశాను. గదిలో ఇప్పుడు ఏమీ లేదు, నడిమధ్య ఆ ఇనప ముక్క ఒక్కటే వేలాడుతోంది. నువ్వడిగిన హుక్కు, కొమ్ముతో సహా. రోజుకొకసారి తలుపు తీసి చూసి వస్తున్నాను.

రా. నాన్న ఫ్యాను తీసుకుని, అమ్మని తీసుకుని రా. నువ్వూ ఉండు, ఎన్నాళ్ళుంటావో ఉండు. అమ్మ నీ ఒక్కడిదే కాదు. ఆపరేషనప్పుడు పక్కన కూర్చుంది నేను. ఇన్ని నెలలూ చుక్కలు వేసింది నేను. అమ్మ మీద నాకూ హక్కుంది. ఆ మాట కలిపి రాయనా, విడదీసి రాయనా? ఎలా రాసినా అదే.

ఇల్లు కట్టిందే ఆవిడ కోసం రా. అది కూడా తప్పు చదువుతావా?

నీ అక్క

జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం ఒక్క ముక్క వదలకుండా అమ్మకి చదివి వినిపించాను. స్లాబు తొలిపించిన చోట, "అయ్యో, కొత్త స్లాబు" అంది. "అమ్మ మీద నాకూ హక్కుంది" అన్న చోట చెయ్యి అడ్డంపెట్టి మళ్ళీ చదవమంది. చదివాను. "కొమ్ము పోయిందేమో చూడరా" అంది. నవ్వుతూ అందో, ఎలా అందో నాకు తెలియలేదు. మొహం అటు తిప్పుకుంది.

పోలేదు. నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, నీ కొమ్ములెప్పుడూ పోవు. ఈ ఉత్తరంలో నావి కూడా పోలేదు, ఒక్కొక్కటీ రెండుసార్లు చూసుకున్నాను.

అయినా, నువ్వు నాకు చేసినట్టే నేనూ నీకు చేస్తున్నాను. నువ్వు హక్కు అని రాసినదాన్ని హుక్కు అనే చదువుకున్నాను.

మా గదిలో ఉన్నది ఒక్కటే హుక్కు. దానికి నాన్న ఫ్యాను తిరుగుతోంది, దాని కింద అమ్మ పడుకుంటోంది. ఖాళీ లేదు.

తమ్ముడు